సంత రోజు చూసిన మైదానం

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. ఒళ్ళు మండి చేసింది. ఆ కోపంలో సగం నా మీదే.

మంగళవారం పొద్దున్న ఆరూ నలభై అయిదుకి విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. సంచిలో ఒక నీళ్ళ సీసా, రెండేళ్ళ కిందట నేను సమర్పించిన పరిశోధన గ్రంథం. నా సబ్జెక్టు క్రీడల సమాజశాస్త్రం. ఎవరికి ఆడుకునే తీరిక, చోటు దొరుకుతాయి, ఎవరికి దొరకవు, ఎందుకు దొరకవు అని వెతికే చదువది. నా పుస్తకం రెండువందల పన్నెండో పేజీలో ఒక వాక్యం ఉంది: "ఈ గ్రామంలో బాలికలు క్రీడా మైదానాన్ని వినియోగించడం లేదు." అరకు దగ్గర ఆ ఊళ్ళో, ఇప్పుడా వాక్యాన్ని చూపించి అధికారులు మైదానాన్ని టూరిస్టుల గుడారాలకి ఇచ్చేస్తున్నారట. మధ్యాహ్నం మూడింటికి గ్రామసభ.

ముందురోజు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది సుమిత్ర. ఇంటర్ చదివే పిల్ల, అక్కడి అమ్మాయిల కబడ్డీ జట్టుకి కెప్టెన్. సర్వేకి వెళ్ళినప్పుడు బడి గోడకి అంటించి వచ్చిన కాగితంలో నా నంబరు చూసిందట.

"మేడం, మేవు ఆడనే ఆడమని మీ పుస్తకంలో రాసీసినారంట. ఏటి మేడం ఇది?" అంది. మేం మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ మైదానం ఖాళీగానే ఉంది కదా!

కొత్తవలసలో ఎక్కిన అల్లం వ్యాపారి నా ఎదురుగా కూర్చున్నాడు. నా ఒళ్ళోని పుస్తకం వైపు చూసి అడిగాడు.

"ఆటల మీద పీహెచ్‌డీయా అమ్మా? ఆడుకోడానికి కూడా సదువేటి?"

ఇంకో రోజైతే గంటసేపు క్లాసు పీకేదాన్ని. ఆ రోజు తలూపి ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

"అరకు ఈయాల ఎల్తే ఏటుంటాదమ్మా? శుక్రవారం ఎల్లాల. సంత సూడాల. ఆ రోజు కొండ మీద ఊళ్ళల్లో పిట్ట కూడా ఉండదు, జనమంతా సంతలోనే."

టైడా స్టేషన్లో బండి ఆగింది. వెంటనే పుస్తకం చివర అనుబంధంలో మా సర్వే తేదీలు తీసి, ఫోన్లో క్యాలెండరు పక్కన పెట్టుకుని చూశాను. శుక్రవారం. శుక్రవారం. శుక్రవారం. యూనివర్సిటీ జీపు దొరికేది ఆ రోజే. పైగా శుక్రవారం పని ముగిస్తే శని, ఆదివారాలు అరకు చూసి రావచ్చని మా రీసెర్చి గైడుగారి ఏర్పాటు. నేనూ ఎగేసుకుంటూ వెళ్ళాను. ఛీ, నా చదువు తగలెయ్య! ఆటకి తీరిక ఎవరికుందో తేల్చడానికి వెళ్ళినదాన్ని, జనం ఏ రోజు ఊళ్ళో ఉంటారని ఒక్కరినీ అడగలేదు. సొరంగం రాగానే పెట్టెలో కుర్రకారు ఈలలు, కేకలు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పదకొండూ పదికి అరకులో దిగాను. స్టేషను బయట రెండు ఇడ్లీలు తిని, షేర్ ఆటోలో ఇరుక్కుని, చివరి మూడు కిలోమీటర్లు నడిచి ఒంటిగంటకి ఊరు చేరాను. మైదానంలో బూడిదతో గీసిన కబడ్డీ గీతలు తెల్లగా ఉన్నాయి. ఎదురొచ్చిన సుమిత్ర మోకాలి నిండా పాత దెబ్బల మచ్చలే.

"మీరు ఏ రోజొచ్చినారు?" అని అడిగింది. చెప్పాను. ఫక్కున నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"శుక్రవారం మా ఆడగుంటలందరం రాజ్మా మూటలెత్తుకుని సంతకెల్తాం గదా మేడం. ఎవుల్నడిగినా సెప్పీవోరు."

వాళ్ళమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, పోసింది. తిట్టినా బాగుండేది.

మూడింటికి రావలసిన అధికారి మూడూ నలభైకి వచ్చాడు. రెండువందల పన్నెండో పేజీ జిరాక్సు తీసి చదివాడు. నేను లేచాను. "అది రాసింది నేనే. తప్పు రాశాను. మేం చూసిన మూడు రోజులూ సంత రోజులే."

"మేడం, ప్రింటయినది ఆధారం. ఇప్పుడు మీరు చెప్పేది నోటిమాట."

నా మాటకి నా మాటే అడ్డం! ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గొడవ పెట్టారు. ఆయన ఫైలు మూసి, సభ వాయిదా వేస్తున్నానన్నాడు. చేతులెత్తించి తేల్చేది వచ్చే శుక్రవారమట.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరూ ఉండరని తెలిసే పెట్టారా?" అని అరిచాను.

"మళ్ళీ మాకు జీపు దొరికేది ఆ రోజే మేడం."

మా సర్వే సాకూ అదే. సుమిత్ర వాళ్ళమ్మ మాత్రం కొంగు బిగించి లేచింది.

"అయితే ఆ రోజు నాను సంతకెల్లను."

సంత మానితే ఆ వారం ఇంట్లోకి ఉప్పు, నూనె రావు. తర్వాత వెనక నుంచి ఒక ముసలామె "నానూ ఎల్లను" అంది. ఆ పక్కావిడ అంది. అలా ఒక్కొక్కరూ.

అయిదున్నర బస్సుకి అరకు నుంచి తిరుగు ప్రయాణం. ఘాట్ మలుపుల్లోనే పుస్తకం తెరిచి ఆ వాక్యం కొట్టేశాను. పక్కన రాశాను: "చూసినవాళ్ళు సంత రోజు వచ్చారు." పెన్ను ఎంత గట్టిగా పట్టానో, కాగితం చిరిగింది. ఒక ఆట చోటు కోసం ఒక ఊరు సంత మానుకోవడాన్ని నింపడానికి నా ప్రశ్నాపత్రంలో గడి లేదు.

అరకు చూడాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. వచ్చే శుక్రవారం వెళ్ళండి. ఈసారి సంత పలచగా ఉంటుంది. ఎందుకని అడిగి, ఆ ఊరు ఎక్కడో కనుక్కుని, మైదానం దాకా నడవండి. నేను అక్కడే ఉంటాను.