రాళ్లబాట మీద అంగల లెక్క

పోయిన ఆదివారం కొంపల్లిలో బూట్ల దుకాణానికి వెళితే, అక్కడి అమ్మాయి నా కాలి కొలత అడగకుండా, "అంకుల్, మీరు ఉరికేది రోడ్డు మీదనా, మట్టి బాటలనా?" అని అడిగింది. రెండు రకాల జతలనూ తిప్పితిప్పి చూసి, ఏదీ కొనకుండానే బయటికి వచ్చేశాను. మా ఈడువాళ్లకు రెంటికీ తేడా ఉంటుందని ఎవరు చెప్పారు కనుక?

రావల్కోల్‌లో మా బావ, అంటే మేనమామ కొడుకు, నేనూ కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు సాధన చేసిన రోజులు గుర్తుకొచ్చాయి. ఐదు కిలోమీటర్లు ఇరవై అయిదు నిమిషాల్లో ఉరకాలి. వయసు దాటిపోతున్న నాకు అదే ఆఖరి అవకాశం. దూరం కొలిచే సాధనమేదీ లేక, మేడ్చల్ రోడ్డు మీద రెండు కిలోమీటరు రాళ్ల మధ్య వట్టి కాళ్లతో పరుగెత్తి, కిలోమీటరుకు ఎనిమిదివందల ఇరవై అంగలని తేల్చాను. ఐదు కిలోమీటర్లకు నాలుగువేల నూరు. లారీలకు భయపడి రోడ్డు వదిలి, ఊరవతలి రాళ్లబాటలో రోజూ అన్ని అంగలూ లెక్కపెట్టుకుంటూ ఉరికితే ఇరవై నాలుగు నిమిషాలు పట్టేది. లెక్క పూర్తికాగానే ఆగి, అక్కడే ఒక బండ మీద కూర్చునేవాణ్ని.

బావ మాత్రం ఆగేవాడు కాదు. "గీ కంకర మీద నీ అంగ గంత పొడుగు పడ్తాందా, బామ్మర్ది? నీ లెక్క నువ్వే ఉంచుకో, నేను గా కోళ్ల ఫారం దాక పోయొస్త," అనేవాడు. లెక్క రానివాడి మాటలే అని నవ్వుకునేవాణ్ని.

పరీక్షకు ముందురోజు అమ్మ మేడ్చల్ అంగడి నుంచి కాన్వాసు బూట్లు తెచ్చింది. "అందరి ముందట వట్టి కాళ్లతోని ఉరుకుతవా, బిడ్డా?" అంది. కాదనలేకపోయాను. పరీక్షరోజు మైదానంలో మూడో కిలోమీటరుకే మడమలు ఒరుసుకుపోయాయి. బావ వట్టి కాళ్లతో గీత దాటి, పక్కన నిలబడి నా పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడు. నేను నలభై సెకన్లు ఆలస్యంగా చేరాను.

బూట్లు తినేశాయా ఆ నలభై సెకన్లను, లేక రాళ్ల మీద అంగలు పొట్టివై నేను రోజూ తక్కువ దూరమే ఉరికానా? కాళ్లకు బూట్లూ, కాళ్ల కింద నేలా ఒకేసారి మార్చుకున్నవాడికి ఏది తప్పో ఎలా తెలుస్తుంది? అమ్మ ఉన్నన్నాళ్లూ బూట్లదే తప్పనుకుని లోలోపల బాధపడింది. కాదని చెప్పడానికి నా దగ్గర రుజువు లేకపోయింది. దూలపల్లిలో ఒక చిన్న కర్మాగారంలో సామాను లెక్కలు చూసుకుంటూ ఇన్నేళ్లు గడిపాను, ఈ ఒక్క లెక్కే తెగలేదు.

దుకాణం నుంచి ఇంటికి పోకుండా నేరుగా ఆ బాట దగ్గరికే వెళ్లాను. ఇప్పుడు ఫోనే దూరం చెబుతుంది కదా, నేను ఆగే ఆ బండ దాకా ఒక్కసారి నడిచి చూస్తే తేలిపోతుందనుకున్నాను. బాట లేదు. బండలు లేవు, కోళ్ల ఫారమూ లేదు. పొడవాటి ప్రహరీ, లోపల నల్లటి నున్నని రోడ్లు, గేటు దగ్గర కాపలా మనిషి.

"ఏ ప్లాటుకు పోవాలె, సార్?" అని అడిగాడు.

ఇక్కడ ఒక రాళ్లబాట ఉండేది కదా అని అడిగాను. అతను నిరుడే పనిలో చేరాడట. ఫోను జేబులో పెట్టుకుని, ఆ గోడ వెంబడి ఎండలో కాసేపు నడిచాను. అమ్మ తెచ్చిన బూట్లది ఏ తప్పూ లేదని ఆమెకు ఒక్కసారైనా అబద్ధం చెప్పి ఉండవలసింది.