మూడింటి సీరియల్, మా మిరపకోత

ఒకప్పుడు మా ప్రత్తిపాడు వైపు పొలం పనికి గడియారంతో అవసరం ఉండేది కాదు. తాతల కాలంలో పొద్దు పొడిచినప్పుడు పనిలోకి ఎక్కితే పొద్దు గూకాకే దిగేవాళ్లట. నాన్న హయాం వచ్చేసరికి అది తొమ్మిదికి ఎక్కి అయిదుకి దిగడం అయింది. రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్తలో, నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఏడాది మాత్రం, పని దిగే వేళని నిర్ణయించింది నాన్నా కాదు, ప్రభుత్వమూ కాదు. టీవీలో మధ్యాహ్నం మూడింటికొచ్చే ఓ ఏడుపు సీరియల్.

ఆ ఏడు పత్తితీత, మిరపకోత ఒక్కసారే మీదపడ్డాయి. ఊరందరికీ మనుషులు కావాలి, ఉన్న మనుషులేమో గుప్పెడు. దాంతో ముఠా మేస్త్రక్క (పాతికమంది ఆడవాళ్లని వెంటేసుకుని వచ్చే ఈవిడ ముందు నాన్న కూడా కండువా సర్దుకునేవాడు) మొదటి రోజే గట్టు మీద నిలబడి తేల్చేసింది. "రెండున్నరకి దిగుతాం అయ్యగారూ, సీరియల్ ఉంది." నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మీరు కాకపోతే కనిగిరి వైపు నుంచి ముఠాని దింపుతా!" అన్నాడు. "దింపుకోండి. వాళ్లని పక్క ఊరోళ్లు మొన్ననే తోలుకుపోయారంట," అని ఆవిడ తాపీగా వక్కపలుకు నోట్లో వేసుకుంది.

చెట్టు మీద కాయ ఎర్రగా పండి ఉంది, పైన మబ్బులు. ఒక్క వాన పడితే కాయంతా తెల్లబడి, ధర పలకని తాలుకింద పోతుంది. ఆ కాయ అమ్మితేనే నేను హైదరాబాదులో కంప్యూటర్ కోర్సులో చేరేది. లేదంటే ఇంకో ఏడాది నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తినాలి (అదెంత కష్టమో నిరుద్యోగం చేసినవాళ్లకే తెలుసు). "అక్కా, మీరు అయిదు దాకా ఉండండి. సీరియల్ నేను చూసొచ్చి చెబుతా," అనేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏడుపులు కూడా చెప్పాలి మరి," అంది.

అలా మొదలైంది నా మొదటి ఉద్యోగం. మూడింటికి అమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూడటం, అయిపోగానే మోపెడ్ మీద పొలానికి ఉరకటం, సాళ్ల మధ్య తిరుగుతూ కథ చెప్పటం. అత్తనై గుడ్లురిమేవాణ్ణి, కోడలినై ముక్కు చీదేవాణ్ణి. ఓ రోజు కాయ ముట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఆ రోజు నా ఏడుపుని అందరూ తెగ మెచ్చుకున్నారు. నాన్న, "డిగ్రీ చదివించింది ఇందుకట్రా!" అని గొణుగుతూనే పక్క సాలులో చెవొగ్గి నిలబడేవాడు. రాత్రి అన్నాల దగ్గర, "ఒరేయ్, ఇంతకీ ఆ బీరువా తాళాలు ఎవరు కొట్టేశారంటావ్?" అని మెల్లగా అడిగేవాడు.

కోతకి ఇంకొక్క చెక్క పొలం మిగిలిన రోజున మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. నేను టీవీ ముందు కూర్చున్నానో లేదో, కరెంటు పోయింది. అరగంట గడిచినా రాలేదు. ఉత్త చేతులతో వెళితే ముఠా దిగిపోతుంది, కాయ పోతుంది, హైదరాబాదూ పోతుంది. మోపెడ్ ఎక్కి బయల్దేరాను. దారిపొడుగునా కథ అల్లుకున్నాను. నెలల తరబడి ఏడుస్తున్న కోడలు ఆ రోజు తాళాలగుత్తి అత్త ఒళ్లోకి విసిరి, "ఉద్యోగంలో చేరాను. ఆరింటికి వస్తాను, వంట చేసి ఉంచండి," అంది. చేలో ఒక్కసారి ఈలలు! ఆ ఊపులో అయిదు దాటింది, ఆరు దాటింది, కోడలికి జీతం పెరిగింది, చేను ఖాళీ అయింది. కాయంతా కల్లంలో టార్పాలిన్ పట్టాల కిందికి చేరాక వాన దిగింది.

తడుస్తూనే మేస్త్రక్క నా దగ్గరికొచ్చి నవ్వింది. "మూడింటికి ఊళ్లో పిండిమర చప్పుడు ఆగిపోయింది బాబూ. కరెంటు లేదని మాకు తెలీదా?"

"మరెందుకు ఉన్నారక్కా?"

"ఆ పిల్ల ఉద్యోగం ఏమైందో వినకుండా ఎట్టా పోతాం?"

ఇప్పుడు నేనూ హైదరాబాదులో ఓ కంప్యూటర్ ముందు పనికి ఎక్కుతున్నాను. సాయంత్రం మా పెద్ద సారు, "ఈ ఒక్కటీ చూసి వెళ్లు," అన్నప్పుడల్లా గట్టు మీది మేస్త్రక్కని తలుచుకుని, "ఆరింటికి దిగుతామండీ," అనబోతాను. నోట్లోంచి మాత్రం, "సరే సార్," అనే వస్తుంది. నాకు నవ్వొస్తుంది. ఆ అక్కల్ని ఇంకో రెండున్నర గంటలు ఉంచడానికి నేను రోజూ ఓ కథ చెప్పాల్సి వచ్చింది. నన్ను మాత్రం ఏ కథా చెప్పకుండానే ఉంచేస్తున్నారు.