సుబ్బక్క కోడలి పరుగు

గంగాదేవి పావగడ తాలూకా తిరుమణి పిల్ల. స్కూల్లో చదివే రోజుల్లో పరుగులో ఆమెను దాటినవాళ్లు లేరని అప్పట్లో అక్కడ డ్రిల్లు మేష్ట్రుగా పనిచేసిన మల్లేశప్ప చెప్పేవాడు. పది తప్పాక చదువు మాన్పించి నాగలమడికకు ఆవల, ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లెకు ఇచ్చి పెళ్లి చేశారు. భర్త పేరు చిక్కన్న. అత్త సుబ్బక్క. మగడు చిన్న వయసులోనే పోతే ఆ ఒక్క కొడుకునూ కూలి చేసి పెంచుకున్న మనిషి. ఆమె నోటికి ఊళ్లో అందరూ జంకేవారు.

కొత్త కోడలు వచ్చిన ఏడు వేరుశనగ బాగా పండింది. తర్వాతి రెండేళ్లూ వానలు మొహం చాటేశాయి. ఒకసారి పూతలోనే ఎండిపోయింది. ఇంకోసారి పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగే వేళకు నేల రాయిలా బిగుసుకుపోయి కాయ పట్టలేదు. అది ఎనభై ఐదు. పల్లెలో మగవాళ్లు ఇద్దరు ముగ్గురుగా బెంగళూరు బస్సెక్కారు. చిక్కన్న కూడా వెళ్లాడు. బిల్డింగు పనుల్లో మట్టి మోస్తున్నానని ఉగాదికి వచ్చినప్పుడు చెప్పాడు. నాలుగు రోజులుండి, తల్లికి ఒక చీర, పెళ్లానికి ఒక చీర ఇచ్చి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. కబురూ లేదు.

మొదట పనుల ఒత్తిడి అనుకున్నారు. దసరా పోయింది, మళ్లీ ఉగాది వచ్చింది. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊళ్లో అనడం మొదలుపెట్టారు. గంగాదేవికి పిల్లలు లేరు కాబట్టి ఆ మాట అందరికీ నమ్మబుద్ధి అయింది. సుబ్బక్క మాత్రం ఆ మాట తన ముందు ఎవరినీ అననిచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో మల్లేశప్ప వాళ్లింటికి వచ్చాడు. అప్పటికి ఆయన నాగలమడికకు బదిలీ అయి వచ్చాడు. దసరా ముందు సర్కారువారు ఆటల పోటీలు పెట్టేవారు. దాన్ని అందరూ క్రీడాకూట అనేవారు. ఆడవాళ్ల మూడు వేల మీటర్ల పరుగుకు హోబళి మొత్తంలో, అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటిలో, ఎవరూ దొరక్క ఆయనకు గంగాదేవి గుర్తొచ్చింది. గడపలో నిలబడి, నీళ్లు నమిలి, చివరికి విషయం చెప్పాడు. గంగాదేవి లోపల తలుపు చాటున నిలబడి, అత్త ఇప్పుడు ఈయన్ను తిట్టి పంపుతుందని చూస్తూ ఉంది.

సుబ్బక్క ఆయనకు చాప పరిచింది.

"పావగడలో గెలిస్తే యాడికి తోలుకపోతారప్పా?" అంది.

"తుమకూరికమ్మా."

"ఆడ గెలిస్తే?"

"బెంగళూరికి. బస్సు చార్జీలు, తిండీ అంతా సర్కారోళ్లే చూసుకుంటారు."

"తోడుగా ఇంకొకరు పోవచ్చునా?"

"ఆడపిల్లకు తోడు ఉండాల్సిందే కదమ్మా."

"అట్లయితే పరిగెత్తనీ," అంది సుబ్బక్క.

ఆమె మనసులో ఏముందో మల్లేశప్పకు అప్పుడే అర్థమైంది. గంగాదేవికి రాత్రి అన్నం దగ్గర అర్థమైంది.

మర్నాడు తెల్లవారుతూనే అత్తా కోడళ్లు ఏటికి వెళ్లారు. చిక్కన్న వదిలి వెళ్లిన పైజామాను సుబ్బక్క మోకాళ్ల దగ్గరికి కత్తిరించి, నడుం దగ్గర లాడా తాడు బిగించి ఇచ్చింది. పైన చిక్కన్న చొక్కా. ఏరంటే నీళ్లు లేవు, వెడల్పాటి ఇసుక. కాలు పెడితే చీలమండ దాకా దిగబడుతుంది. పిల్లప్పుడు మైదానంలో పరిగెత్తిన గంగాదేవికి మొదటి రోజు ఊపిరందక కడుపులో పట్టేసింది. వంగి నిలబడిపోయింది. సుబ్బక్క ఒడ్డున కానుగ చెట్ల కింద కూర్చుని, "నిలబడొద్దు, నడువు. నడిచి మళ్లా పరిగెత్తు," అని కేక వేసింది. పరుగు గురించి ఆమెకు ఏమీ తెలియదు. కానీ నడుము వంచి పొలం పని చేసినవాళ్లకు ఊపిరి ఎలా తిరిగొస్తుందో తెలుసు.

నెల తిరిగేసరికి గంగాదేవి కాళ్లకు పాత అలవాటు వచ్చింది. పొద్దున పరుగు, పగలు కరువు పనుల్లో కంకర కొట్టడం, సాయంత్రం నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరస. పరిగెత్తే కాసేపు మాత్రం ఆమెకు ఎవరూ గుర్తొచ్చేవారు కాదు, చిక్కన్న కూడా. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు తప్పు చేసినట్టు ఉండేది.

పావగడలో సులువుగా గెలిచింది. తుమకూరులో మూడోదిగా వచ్చింది. బెంగళూరికి ఇద్దరినే పంపుతారు. తిరుగు బస్సులో సుబ్బక్క కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. మడకశిర దాటాక, "మళ్లా ఏడాది ఉండాది లే," అంది.

ఆ ఏడాదీ వానలు లేవు. గంగాదేవి పరుగు మానలేదు. ఎనభై ఎనిమిదిలో తుమకూరులో రెండోదిగా వచ్చింది. అలా అత్తా కోడళ్లు మల్లేశప్ప వెంట బెంగళూరు చేరారు.

అంత పెద్ద మైదానం గంగాదేవి చూడలేదు. మిగతా అమ్మాయిలు బూట్లు వేసుకుని కాళ్లు చాచి వంగి ఏవేవో చేస్తున్నారు. ఆమె వట్టికాళ్లతో గీత దగ్గర నిలబడింది. ఈల ఊదారు. గట్టి నేల మీద కాళ్లు వాటంతట అవే లేచిపోతుంటే మొదటి రెండు చుట్లు అందరితో సమానంగా పోయింది. తర్వాత ముందున్నవాళ్లు ఒక్కసారిగా దూరమయ్యారు. ఆమె మధ్యలో ఎక్కడో పరుగు ముగించింది. అత్త కోసం చూసింది. సుబ్బక్క మైదానం వైపు చూడటం లేదు. గేటు బయట గోడ కడుతున్న కూలీల మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

ఆ మధ్యాహ్నం మల్లేశప్ప వాళ్లను ఊరి చివరకు తీసుకెళ్లాడు. పావగడ వైపు నుంచి వచ్చిన కూలీలు అక్కడ రేకుల షెడ్లు వేసుకుని ఉంటారని ఆయన విన్నాడు. అడగ్గా అడగ్గా వెంకటమ్మనహళ్లి ఎర్రప్ప అనే నడివయసు మనిషి దొరికాడు. చిక్కన్న పేరు చెప్పగానే అతను చేతిలో బీడీ కింద పడేశాడు.

"మీరు వానికి ఏమైతారమ్మా?"

"వాళ్ల అమ్మని," అంది సుబ్బక్క.

ఎర్రప్ప మల్లేశప్ప వైపు చూశాడు. సుబ్బక్క, "నాతో చెప్పప్పా," అంది.

"రెండేండ్ల కిందట వానకాలంలో పునాది గుంతలో పని చేస్తా ఉంటే మట్టి విరిగి మింద పడిందమ్మా. తీసేలోపలే అయిపాయ. మీ ఊరు నాగలమడిక దిక్కని తెలుసు గానీ ఏ పల్లెనో మాలో ఎవురికీ తెలీదు. కంట్రాక్టరు చెప్తానన్నాడు. చెప్పలేదేమో. మేమే నలుగురం కలిసి కాల్చినాం."

"చిక్కన్నలు శానా మంది ఉంటారు," అంది సుబ్బక్క. "వాని చేతి మింద ఏమన్నా ఉండెనా?"

"ఎడమ చేతి మింద పచ్చబొట్టు ఉండె. సుబ్బక్క అని."

 గంగాదేవి రేకుల షెడ్డు గుంజ పట్టుకుని నిలబడింది. తను పోయినేడు ఏటి ఇసుకలో పరిగెడుతున్నప్పటికే ఆయన లేడు. ఆ ఒక్క మాటే ఆమె తలలో తిరుగుతూ ఉంది. ఎర్రప్ప పెళ్లాం టీ తెచ్చి ఇచ్చింది. అది అలాగే చల్లారిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సుబ్బక్క మల్లేశప్పతో, "ఊర్లో చెప్పొద్దప్పా," అంది.

"ఎట్లమ్మా? చేయాల్సిన కార్యాలు ఉండాయి కదా."

"చెప్తే రేపే దీని గాజులు పగలగొడతారు. బొట్టు చెరిపి మూలన కూర్చోపెడతారు. నా మొగుడు చచ్చినప్పుడు నాకు చేసినారు. దీనికి చేస్తా ఉంటే నేను చూడలేను. యాడనో బతికినాడనే అనుకోనీ." కోడలి వైపు తిరిగింది. "నీకు ఇష్టమేనా?"

గంగాదేవి తల ఊపింది. ఇష్టమో కాదో ఆమెకే తెలియలేదు. అత్త ఏడిస్తే తనూ ఏడవాలని ఆమె బస్సెక్కినప్పటి నుంచీ ఎదురు చూస్తోంది. సుబ్బక్క ఏడవలేదు.

ఊళ్లో అడిగినవాళ్లకు కనిపించలేదని చెప్పారు. కూలికి వేరుశనగ కాయలు ఒలిచే చోట ఆడవాళ్లు, "బెంగళూరు చిన్న ఊరా యాంది, ఆ పెండ్లాంతో కలిసి దాంకొని ఉంటాడు," అని నవ్వితే సుబ్బక్క వంచిన తల ఎత్తకుండా ఒలుస్తూనే ఉండేది. ఆమె నోటికి ఏమైందని వాళ్లు ఆశ్చర్యపోయారు.

కొన్ని రోజులకు, "ఏటికి పోదాం రా గంగా," అంది సుబ్బక్క. పోటీలు అయిపోయాయి, మళ్లీ ఏడాదికి గానీ లేవు. అయినా ఇద్దరూ వెళ్లారు. గంగాదేవి పరుగు మొదలుపెట్టింది. ఎప్పుడూ వెళ్లే బండ దగ్గర వెనక్కి తిరిగేసరికి గాలి వాటున గొంతు వినిపించింది. కానుగ చెట్ల కింద కూర్చుని సుబ్బక్క శోకాలు తీస్తోంది. కొడుకు పుట్టిన నాటి నుంచీ ఒక్కొక్క ముచ్చటా ఎత్తి, పేరు పెట్టి పిలిచి ఏడుస్తోంది. ఊళ్లో ఏడవలేని ఏడుపు.

గంగాదేవి అక్కడే ఆగింది. దగ్గరికి పోతే అత్త ఆపేస్తుందని తెలుసు. వెనక్కి తిరిగి బండ దాటి, ఏరు వంపు తిరిగేదాకా పరిగెత్తింది. అక్కడ ఆమెకూ ఏడుపు వచ్చింది. పరిగెత్తే మనిషి మొహం తడిగా ఉంటే ఎవరూ ఎందుకని అడగరు. ఆమె తిరిగి వచ్చేసరికి సుబ్బక్క మొహం తుడుచుకుని, కొంగు సర్దుకుని కూర్చుని ఉంది.

"అప్పుడే వస్తివా?" అంది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా అంతే. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. అత్తకు ఇంకాస్త వ్యవధి ఇవ్వాలని గంగాదేవి రోజురోజుకూ ఇంకాస్త దూరం పోయేది. పై ఊరి పంపుసెట్టు దాకా, తర్వాత దానికీ ఆవల ఈత చెట్ల దాకా. రొప్పు తెలియకుండా పోయింది. కాళ్లు సన్నబడి గట్టిపడ్డాయి.

మరుసటి ఏడు తుమకూరులో ఆమె మొదటిదిగా వచ్చింది. రెండో అమ్మాయి చాలా వెనకబడి ఉంది. మల్లేశప్ప చేతులు పట్టుకుని, "ఈసారి బెంగళూరు గెలిచి మైసూరు దసరా ఆటల దాకా పోతావు చూడు," అన్నాడు. ఎలా ఇంత వేగం వచ్చిందని ఆయన అడిగితే ఆమె మెడలో వేసిన రిబ్బను తీసి అత్త చేతికిచ్చింది. సుబ్బక్క దాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

బెంగళూరు పోటీలకు ఇంకా వారం ఉందనగా ఊళ్లో వేరుశనగ పీకుడు మొదలైంది. ఆ ఏడు కాస్త పండింది. చేను నిండా ఆడవాళ్లు ఉన్న వేళ ఎర్రప్ప వెతుక్కుంటూ వచ్చాడు. పంటకని సొంతూరు వచ్చిన మనిషి, ఆ తల్లిని ఒకసారి పలకరించి పోదామనుకున్నాడు. అతనికి ఏమీ తెలియదు. గట్టు మీద నిలబడి, తువ్వాలు తీసి, "ఎట్లుండావమ్మా? చిక్కన్న చచ్చిపాయినాక మళ్లా రాలేకపోతిని," అన్నాడు.

పీకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

ఆ సాయంత్రానికి ఇల్లంతా జనం. ఆడవాళ్లు సుబ్బక్కను పట్టుకుని శోకాలు తీశారు. సుబ్బక్క కళ్లలో చుక్క నీరు రాలేదు. ఏడుద్దామని ఆమె నోరు తెరిచింది కూడా. శోకం రాలేదు. కన్నకొడుకు చావు దాచిపెట్టింది, ఇప్పుడైనా ఏడవదు, ఇదేం తల్లి అని వాకిట్లో అనుకుంటుంటే గంగాదేవి విన్నది. పోయినేడంతా ఏటి ఒడ్డున జరిగింది వాళ్లకు చెప్పాలని ఆమె లేచింది. సుబ్బక్క ఆమె చేయి పట్టి కూర్చోబెట్టింది.

పెద్దలు కర్మకు రోజులు పెట్టారు. పదో నాడు గాజులు తీయడానికి ఊరి ముసలమ్మలు వస్తే సుబ్బక్క తలుపు వేసింది. "నేనే తీస్తా," అని లోపలి నుంచి చెప్పింది. పగలగొట్టకుండా, సబ్బు నురగ పూసి, కోడలి చేతి నుంచి ఒక్కొక్కటే జార్చింది. తాళి ముడి మాత్రం ఆమె విప్పలేదు. గంగాదేవే విప్పుకుంది.

బెంగళూరు పోటీలు ఆ రోజుల్లోనే జరిగిపోయాయి. మల్లేశప్ప ఒకసారి వచ్చి, వాకిట్లోనే పలకరించి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. తర్వాత ఆయనకు మధుగిరి వైపు బదిలీ అయింది.

తిరుమణి నుంచి అన్న హనుమంతరాయప్ప వచ్చాడు. "ఇంక ఈడ నీకేముండాది? ఇంటికి రా," అన్నాడు.

"అత్త ఒక్కతే ఎట్లుంటాదన్నా?" అంది గంగాదేవి. అతను బలవంతం చేయలేదు.

ఆ తర్వాత ఆమె ఏటికి వెళ్లలేదు. తెల్లబట్ట కట్టిన మనిషి పైజామా వేసుకుని ఊరి ముందు పరిగెత్తితే ఏమంటారోనన్న భయం కొంత, పనుల భారం ఇంకొంత. సుబ్బక్కకు మోకాళ్లు, నడుము బిగుసుకుపోతూ వచ్చాయి. ఫ్లోరైడు ఉన్న లోతు బోర్ల నీళ్లు తాగి ఆ చుట్టుపక్కల చాలామందికి అలాగే అయ్యేది. చివరి రెండేళ్లూ కోడలే ఎత్తి కూర్చోబెట్టేది. తొంభై నాలుగు ఎండాకాలంలో సుబ్బక్క పోయింది. గంగాదేవి గట్టిగా, అందరి ముందూ, పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.

ఆ ఏడు దసరాకు ముందు ఆమె ఒక్కతే బస్సెక్కి పావగడ వెళ్లింది. పేరు రాయించుకుంది. పక్కన నిలబడ్డవాళ్లంతా హైస్కూలు పిల్లలు. సగం దాకా వాళ్ల మధ్యలోనే ఉంది. తర్వాత ఒక్కొక్కరే దాటిపోయారు. ఆమె ఆగలేదు, నడవలేదు. చివరి నుంచి రెండోదిగా గీత దాటింది.

నీళ్ల డ్రమ్ము దగ్గర గ్లాసు అందిస్తూ ఒక టీచరమ్మ, "మీకు తోడు ఎవరొచ్చినారక్కా?" అని అడిగింది.

"ఎవురూ రాలేదమ్మా," అంది గంగాదేవి. నీళ్లు తాగి, గ్లాసు డ్రమ్ము మూత మీద పెట్టి, బస్టాండు వైపు నడిచింది.