పుంగనూరులో తడిస్తేనే విత్తనం

పుంగనూరు వేరుశెనగ రైతుల సహకార సంఘానికి మారప్ప రెండోసారి ప్రెసిడెంటు ఎలా అయ్యాడన్నది నేటికీ తలా ఒక రకంగా చెబుతారు. కులబలం వల్ల గెలిచాడని కొందరు. ఎదుటివాళ్లు తమ గోతిలో తామే పడ్డారని కొందరు. మదనపల్లె మిషన్ స్కూలు మాస్టరు కృపానందం ఇంకాస్త దూరం పోయాడు: పంతొమ్మిదివందల నలభై ఆరులో అమెరికా ప్రెసిడెంటు పక్షం పదవీకాలం నడుమ వచ్చే ఎన్నికల్లో ఓడింది, నలభై ఎనిమిదిలో ఆయనే నెగ్గాడు, కాబట్టి నడుమ ఓడటం ప్రెసిడెంట్లకు మేలని ఆయన సిద్ధాంతం. ఒక్క ఉదాహరణతో సూత్రం పుట్టదు.

సంఘంలో ప్రెసిడెంటు పదవి నాలుగేళ్లు. రెండేళ్లకు డైరెక్టర్లలో సగంమంది దిగి మళ్లీ పోటీ చేయాలి. నలభై ఆరులో అలా దిగిన మారప్ప మనుషులు ఒక్కరూ తిరిగి రాలేదు. ఎదుటి పక్షం నాయకుడు చెంగల్రాయుడి వర్గానికి బలం చిక్కింది. మారప్ప పని అయిపోయిందని సంతలో బాహాటంగానే అనుకున్నారు. మారప్ప మాత్రం తంబళ్లపల్లె దారి పట్టి, పాత సభ్యురాలు నాగమ్మ వాకిట్లో కూర్చున్నాడు.

"యాలమ్మా, మీ ఊరంతా మమ్మల్ని కాదన్నారు?"

నాగమ్మ చాట దించలేదు. "ఈడ వాన పడి పదును ఆరిపోతాంటే, పుంగనూరులో నీ ఆఫీసు కప్పు తడిసేదాకా ఇత్తనం ఇయ్యవు. సెనక్కాయ మా సేలో ఏసేదా, నీ కప్పు మీద ఏసేదా అప్పా?"

పక్కింటి ఆడవాళ్లు పకపకా నవ్వారు. మారప్పకు నవ్వు రాలేదు. పుంగనూరులో వాన పడ్డాకే అన్ని ఊళ్లకూ విత్తనం అన్న నియమం పెట్టింది తానే. కరువు రోజుల్లో ముందుగా ఇచ్చిన విత్తనం పొయ్యి మీదికి పోతుందని అతని భయం. భయం నిజమైనదే, కానీ మెట్ట ఊళ్లన్నిటికీ వాన ఒకేనాడు పడుతుందనుకోవడం తన తప్పని ఆ వాకిట్లో అతనికి తెలిసింది.

మరుసటి ఏడు కొత్త డైరెక్టర్లు ఎన్నికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకుని వానకు ముందే విత్తనం పంచారు. వాన మొహం చాటేసింది. ఆకలికి ఆగలేక చాలా ఇళ్లలో విత్తనం వేయించుకు తిన్నారు. పదును వచ్చేనాటికి చల్లడానికి గింజ లేదు.

"ఇంగ నువ్వు ఊరికే కూసోప్పా, కుర్చీ నీదే," అన్నాడు స్నేహితుడు వరదరాజులు.

కూర్చుంటే కుర్చీ దక్కవచ్చు. ఊళ్లు మరో ఏడు బీళ్లు కావచ్చు. మారప్ప చెంగల్రాయుడి ఇంటికి నడిచాడు. ప్రతి ఊరి విత్తనం ఆ ఊరు నమ్మిన ఇంట్లోనే ఒక గదిలో పెట్టి తాళం వేయాలి, ఆ ఊళ్లో వాన పడిన నాడే గది తెరవాలి: ఇదీ అతను తెచ్చిన మాట.

"బాగానే ఉండాది. నువ్వే పెట్టొచ్చు గదా తీర్మానం?"

"నేను పెడితే మీవోళ్లు నెగ్గనియ్యరు. నువ్వు పెడితే మావోళ్లు గొణుగుతారు, గానీ చెయ్యెత్తుతారు."

"రేపు ఓట్లు నాకు పడతాయి సూడు, నిన్నే ముంచుతాయి."

"పడనీలే. ముందు ఇత్తనం పడనీ."

తీర్మానం నెగ్గింది. నలభై ఎనిమిదిలో వానలు తుంపులు తుంపులుగా, ఊరికో నాడు కురిశాయి. ఊరి వెంట ఊరు గది తెరిచి విత్తుకుంది. పంట ఇంటికొచ్చాక ప్రెసిడెంటు ఎన్నిక జరిగింది. చెంగల్రాయుడే పోటీ. నాగమ్మ ఊరు అతనికే ఓటేసింది, తీర్మానం అతనిదని. ఆ ఆలోచన మొదట ఎవరిదో చెవిన పడ్డ తక్కిన ఊళ్లు మారప్పను గెలిపించాయి, మునుపటికంటే తక్కువ మెజారిటీతో.

కులబలమే కారణమైతే నలభై ఆరులోనూ అది పనిచేసి ఉండాలి. ఎదుటివాళ్ల పొరపాటే కారణమైతే, ఆ పొరపాటు వల్ల నష్టపోయిన నాగమ్మ ఊరే వాళ్లకు ఓటేసేది కాదు. నడిమి ఓటమి మారప్పను ముంచలేదు, తేల్చనూ లేదు. తాను పెట్టిన చెడ్డ నియమాన్ని అతను తానే మార్చించాడు, పేరు ఎదుటివాడికి వదిలేశాడు. అందుకు కొన్ని ఓట్లు పోయాయి, మిగిలినవి చాలాయి.