జీఎం తెర మీద తెరుచుకున్న గ్రాఫులు

2003 వానాకాలంలో నేను శామీర్‌పేటలోని ఒక మందుల పరిశోధన కేంద్రంలో సిస్టమ్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. అదే సంస్థకు మేడ్చల్‌లో తయారీ ప్లాంటు ఉండేది. అందరూ కలిసి వాడే పెద్ద కంప్యూటర్, అంటే సర్వర్, మా దగ్గర, దాని మీద పనిచేసేవాళ్లలో సగం మంది అక్కడ.

ఈ పని తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం, దూరంగా కూర్చున్న మనిషి కంప్యూటర్ తెర మీద విండో తెరిచి గ్రాఫు గీయగలదు. ఎవరి తెర మీద గీయాలో చెప్పే అమరిక పేరు డిస్‌ప్లే. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి టెల్‌నెట్ వాడిన పాత రోజుల్లో ప్రతివాళ్లూ, లాగిన్ అయినప్పుడల్లా సర్వర్ చదివే తమ లాగిన్ ఫైలులో తమ కంప్యూటర్ చిరునామాతో ఒక వరుస రాసుకునేవాళ్లు. తర్వాత మేము ఎస్సెస్‌హెచ్ అనే కొత్త పద్ధతికి మారాం. ఇందులో సమాచారమంతా రహస్య సంకేతాల్లో వెళ్తుంది, డిస్‌ప్లే సంగతి కూడా అదే చూసుకుంటుంది. చేత్తో ఏమీ రాయకూడదు. రాస్తే ఆ రాసిందే చెల్లుతుంది, ఎస్సెస్‌హెచ్ పెట్టింది పోతుంది.

మేడ్చల్ ప్లాంటు నాణ్యతా విభాగంలో మందుల పరీక్షల గ్రాఫులు చూసే అనలిస్టుగా స్వరూప అనే ఆమె కొత్తగా చేరింది. కుత్బుల్లాపూర్ నుంచి బస్సులో వచ్చేది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడటంతో ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ప్రొబేషన్ ముగియడానికి ఇంకా రెండు నెలల గడువుంది.

ఒక గురువారం ఉదయం మా శామీర్‌పేట ఆఫీసులోనే ఉండే జనరల్ మేనేజరు, అంటే జీఎం, నన్ను తన గదికి పిలిపించారు. ఆయన తెర మీద ఎవరూ తెరవకుండానే గ్రాఫులు తెరుచుకుంటున్నాయి. ప్రతిదాని పైనా స్వరూప లాగిన్ పేరు ఉంది. మేడ్చల్‌లో కూర్చుని ఆమె తన కంప్యూటర్‌లోకి చొరబడుతోందని ఆయన తేల్చేశారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు అప్పటికే ఆమెను తొలగిస్తూ ఉత్తరం టైపు చేయించాడు. చొరబాటు నిజమేనని నేను ధ్రువీకరిస్తే చాలట. ఆమెను ఒక్కమాట అడిగారా అన్నాను. దొంగను అడిగితే చెబుతాడా అన్నారు జీఎం. నాకు ఒళ్లు మండింది. చూడకుండా సంతకం పెట్టనని చెప్పి బయటికి వచ్చాను.

మా ఫిర్యాదుల రిజిస్టరు తీసి చూస్తే రెండు వారాల్లో ఆమె రాసిన ఫిర్యాదులు మూడున్నాయి. మూడింట్లోనూ గ్రాఫు కనిపించడం లేదనే ఉంది. ఒక్కోదాని పక్కన మా ఇంజనీరు "వినియోగదారు పొరపాటు" అని రాసి ముగించాడు. కింద నా పొట్టి సంతకం. ఒక్కటీ చదివి పెట్టింది కాదు. జీఎం మీద ఎంత కోపం వచ్చిందో నా మీద నాకు అంతకన్నా ఎక్కువ వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మేడ్చల్ వెళ్లాను. ఉత్తరం సంగతి స్వరూప చెవిన అప్పటికే పడింది. పక్కన స్టూలు వేసుకుని, రోజూ చేసేదే నా ముందు చేయమన్నాను. ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు.

"మొదట్ల డిస్‌ప్లే తెరుస్తలేదని ఎర్రర్ వస్తుండె సార్. సోమవారం సంది గా ఎర్రర్ గూడ వస్తలేదు. కమాండ్ గట్లనే ఆగి ఉంటాంది. నా తప్పేందో చెప్పుండ్రి, నేర్చుకుంట" అంది.

సోమవారం అనగానే అనుమానం వచ్చింది. జీఎం టూరు నుంచి తిరిగి వచ్చింది ఆ రోజే. డిస్‌ప్లే విలువ చూపించే కమాండ్ కొట్టమన్నాను. ఎస్సెస్‌హెచ్ పెట్టిన విలువ ఉండాల్సిన చోట జీఎం కంప్యూటర్ చిరునామా ఉంది. ఆమె లాగిన్ ఫైలు తెరిస్తే ఆ వరుస అందులోనే దొరికింది. ఆమెకు ఖాతా తెరిచేటప్పుడు, జీఎం ఖాతాలో ఉన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండని ఆయన ఆఫీసు నుంచి నోటు వచ్చింది. మావాళ్లు ఆయన లాగిన్ ఫైలే కాపీ చేసి ఊరుకున్నారు. టెల్‌నెట్ నాటి ఆయన సొంత వరుస ఆ కాపీతో పాటే ఆమెకు అంటుకుంది. బయటి ప్రోగ్రాములు తన తెర వాడుకోకుండా ఆపే తనిఖీని కూడా, రోజూ ఇదో తలనొప్పి అని ఆయనే తీసేసుకున్నారు. ఆయన కంప్యూటర్ ఆపి ఉన్నన్నాళ్లూ ఆమెకు ఎర్రర్ వచ్చింది. అది నడవడం మొదలుపెట్టాక గ్రాఫు వెళ్లి ఆయన ముందు తెరుచుకుంది. ఆమె ఎక్కడికీ చొరబడలేదు.

ఆ వరుస తీసేసి మళ్లీ లాగిన్ అవమన్నాను. గ్రాఫు ఆమె తెర మీదే వచ్చింది. స్వరూప దాన్ని చూసింది, నావైపు తిరిగింది.

"గా కాగితం సంగతేంది సార్?" అని అడిగింది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని జీఎం గదికి వెళ్లి నా నివేదిక ఇచ్చాను. ఆయన చదివి నవ్వేశారు. చిన్న విషయం, సరిచేశారుగా, ఇంతటితో వదిలేయండి అన్నారు. పర్సనల్ ఆఫీసరు ఆ ఉత్తరాన్ని చింపలేదు, మడిచి సొరుగులో పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే స్వరూప మాట్లాడింది.

"తీసేస్తమన్నది కాగితం మీద రాసిండ్రు గద సార్. నా తప్పు లేదన్నది గూడ కాగితం మీదనే రాయుండ్రి."

జీఎం నా ముఖం చూశారు. నా నివేదికకు జతచేయడానికి నాకూ ఒక ప్రతి కావాలన్నాను. ఇక తప్పక రెండు వాక్యాలు రాసి సంతకం చేశారు. క్షమాపణ లేదు. సాంకేతిక కారణాల వల్ల పొరపాటు జరిగిందని, ఉత్తరం రద్దయిందని మాత్రం ఉంది. ఆమె పేరు మీద ఉన్నంతసేపు అది చొరబాటు. ఆయన పేరు మీదకు రాగానే సాంకేతిక కారణం అయిపోయింది. ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా నాకు మంటగానే ఉంటుంది.

గడువు ముగిశాక ఆమె ఉద్యోగం పర్మనెంటయింది. ఫిర్యాదు చేసిన మనిషి తెర ముందు కూర్చుని చూడకుండా, ఎవరు అడిగినా, ఎంత పెద్దవాళ్లు అడిగినా, కారణం రాసి ఇవ్వకూడదని నేను నేర్చుకున్నాను. ఆ పాఠం నేర్చుకునేలోపు అలా ఎందరి ఫిర్యాదుల కింద చూడకుండా సంతకాలు పెట్టానో నాకు లెక్క తెలియదు.