పోస్టుమార్టం వద్దన్నది నేనే

నరసరావుపేటలో మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికే తెస్తారు. టీచర్ని కదా, అన్నీ తెలుసనుకుంటారు. నామినీ చనిపోతే డబ్బు ఎవరికిస్తారు, క్లెయిముకు ఎన్నాళ్ళ గడువు, ఆధార్‌లో పేరు ఒకలా పాసుబుక్కులో ఒకలా ఉంటే ఏం చేయాలి, ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. తెలిసినవి చెబుతాను. ఒకప్పుడు తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేదాన్ని. నాకు ఆ పెద్దరికం ఇష్టం, దాచుకోను.

మా పక్కింటాయన మోటారు మెకానిక్. చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఆయన చేత బ్యాంకులో ప్రమాద బీమా ఫారం పెట్టించింది నేనే. మిరప కోతల రోజుల్లో ఒకనాడు, రొంపిచెర్ల దగ్గర చేలో మోటారు చూస్తూ కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. ఆ చేను మా అన్నది. స్టార్టరు డబ్బాలో తీగ ఊడి ఉందని మా అన్నకు ముందే తెలుసు. ఆ సంగతి ఫోన్లో ఏడుస్తూ నాకొక్కదానికే చెప్పాడు.

మధ్యాహ్నానికి శవాన్ని ఇంటికి తెచ్చారు. పోలీసులకు చెప్పాలని, పెద్దాసుపత్రికి పంపాలని ఎవరో అన్నారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"కోస్తారంటగా అక్కా? సాయంత్రం నమాజుకల్లా మట్టి చేయాలంటన్నారు మావాళ్ళు. ఏం చెయ్యమంటావు?"

"వద్దులేమ్మా. పోయినోడు ఎట్టాగూ రాడు. ఇంకా ఆ ఒంటినేం హింస పెడతాం?" అన్నాను.

అందరూ తలూపారు. సాయంత్రానికి జనాజా లేచింది, మట్టి చేసొచ్చారు. నేను జాలితోనే అన్నాను, నిజం. కానీ ఆ మాట అనేముందు పోలీసు స్టేషన్లో బల్ల మీద కూర్చున్న మా అన్న నా కళ్ళ ముందు మెదిలాడు. అదీ నిజమే. బీమా సంగతి మాత్రం ఆ క్షణాన గుర్తే రాలేదు.

రెండు నెలలకు బ్యాంకు వాళ్ళు ఆయన పేర బీమా ఉందని ఆమెకు చెప్పి, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు తెమ్మన్నారు. తిన్నగా నా దగ్గరికొచ్చింది. తోడు వెళ్ళాను, అర్జీ రాశాను, వీధిలో నలుగురి చేత సాక్షి సంతకాలు పెట్టించాను. క్లెయిము రాలేదు. "రూల్సు అట్టా ఏడిశాయమ్మా" అన్నాను. నా తప్పును ఎంత తేలిగ్గా రూల్సు మీదికి తోసేశానో! ఆమె నమ్మింది. కుట్టుమిషను పెట్టుకుంది. పెద్దపిల్లను కాలేజీ మానిపించింది. అయినా నేను కనబడినప్పుడల్లా, "ఆయన మీద కత్తి పడకుండా కాపాడావక్కా" అనేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆ పిల్ల ఎదురైతే పలకరించడానికి కూడా మొహం చెల్లేది కాదు.

మొన్న ఎండాకాలం ఆమె పరుగున మా ఇంటికొచ్చింది. వెంట ఒకాయన ఉన్నాడు. తాపీపని చేసే అతని బావ పరంజా మీంచి జారిపడి చనిపోయాడట. శవం ఇంకా ఇంట్లోనే ఉంది.

"వీళ్ళక్క కోయొద్దని ఒకటే ఏడుపక్కా. మాకు చెప్పినట్టే వీళ్ళకీ ఒక మాట చెప్పు" అంది.

వద్దంటే ఆమె దృష్టిలో నేను మంచిదాన్నిగానే ఉండిపోతాను. ఇంకో ఇల్లు మాత్రం నావల్లే మునుగుతుంది.

"బీమా ఏమన్నా ఉందా?" అని అడిగాను.

"బ్యాంకులో ఉందని మా బావ అనేవాడు టీచరమ్మా" అన్నాడతను.

"అయితే ముందు పోలీసులకు చెప్పండి. పోస్టుమార్టం చేయించండి. అది లేకపోతే క్లెయిము రాదు."

ఆమె నావైపు తిరిగింది. "మరి మాకెందుకు వద్దన్నావక్కా?"

'అప్పుడు బీమా సంగతి గుర్తు రాలేదమ్మా' అనొచ్చు. సగం నిజమే. ఆ సగంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

"మా అన్న మీద కేసవుద్దని" అన్నాను. "తీగ ఊడిందని వాడికి ముందే తెలుసు."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. అతనివైపు తిరిగి, "పదన్నా, స్టేషనుకి పోదాం. నేనొస్తా" అని బయటికి నడిచింది.