కార్డు మీద కుంకుమ

గున్నమ్మ కేకేసిందంటే ఆమదాలవలస చేపల బజారు మొత్తానికి వినబడాల్సిందే. సముద్రం ఒడ్డునున్న తన పేట నుంచి పొద్దున్నే తట్టతో ఆటో దిగుతుంది. బేరం మరీ కిందికి లాగినవాళ్ళని "ఆ రేటుకి పులుసు వాసన సూసి ఎల్లిపో" అని తిట్టి, చివరికి ఓ చేప ఎక్కువే వేస్తుంది. నా పేరు దీవెన. స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆమెని అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తాను. మా ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి రోజుకో తగువు, రోజుకో టీ.

2016 డిసెంబరు మొదట్లో ఆమె మొగుడు ఎర్రన్న గుజరాతు బోటు మీద ఉన్నాడు. బోటు హద్దు దాటిందని అవతలి దేశంవాళ్ళు పట్టుకుపోయారు. నెల్లాళ్ళు దాటాక ఓ మధ్యాహ్నం మూడింటికి గున్నమ్మ రొప్పుకుంటూ నా షాపులోకి వచ్చిపడింది.

"ఒలే దీవెనా, శివాజీ ఫోన్ సేసినాడు. ఐదింటికల్లా మావోడి కార్డు పంపాలట. నేకపోతే లిస్టులో పేరెక్కదట!"

శివాజీ వాళ్ళ పేటవాడే. గుజరాతులో ఉండి, పట్టుబడ్డవాళ్ళ కాయితాలు అక్కడి ఆఫీసుకు అందిస్తున్నాడు. మనదేశంవాడేనని రుజువున్న వాళ్ళనే విడిచిపెట్టమని మన సర్కారు అడుగుతుందట. ఆధారు దానికి చాలదట; ఎర్రన్నకున్న రుజువల్లా వేటకెళ్ళేవాళ్ళకిచ్చే అట్ట కార్డు ఒక్కటే. తడిసిపోతుందని దాన్ని ఇంట్లో దాచి వెళ్ళాడు, మహానుభావుడు!

కార్డు అటూ ఇటూ తిప్పి చూశాను. మొగుడు పట్టుబడిన దగ్గర్నుంచీ ఈమె దాన్ని గంగమ్మ పటం ముందు పెట్టి, మార్గశిర లక్ష్మివారాలు నాలుగూ నూనెలో కలిపిన కుంకుమతో బొట్టు పెట్టింది. నంబరు మీదా, ఆఫీసు ముద్ర మీదా గడ్డకట్టి ఉంది.

"కార్డుకి బొట్టేంటప్పా? మతుండే చేశావా?"

"ఆడిక్కడ లేడు కదే. మరి దేనికెట్టమంటావు?"

స్కానర్ అద్దం మెత్తని గుడ్డతో తుడిచాను. వెనకవైపు అచ్చు కనబడకుండా కార్డు మీద నల్ల కాయితం పరిచి మూతేశాను. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే కుంకుమంతా తారు మచ్చ. కలర్‌లో, ఆరువందల డీపీఐలో తీస్తే ఇంకా పెద్ద ఎర్ర మచ్చ. అదే పంపాను. పది నిమిషాల్లో శివాజీ ఫోను. "నంబరు కనబడ్డం నేదు సెల్లీ, తిప్పీసినారు."

అప్పుడు గుర్తొచ్చింది, స్కానర్‌లో ఎరుపు రంగొక్కటే తీసేసే సెట్టింగు ఒకటుంది. దాన్ని పెట్టి మళ్ళీ తీశాను. నంబరు స్పష్టంగా వచ్చేసింది! స్తోత్రం ప్రభువా అని అరిచాను. గున్నమ్మ మాత్రం స్క్రీన్ చూసి చటుక్కున తన నుదురు తడుముకుంది.

"కుంకుమేటైపోనాదే?"

"కార్డు మీద అలాగే ఉంది, బొమ్మలోనే పోయింది" అంటూనే చూశాను. ఆఫీసు ముద్ర కూడా ఎర్రదే. అదీ పోయింది. రెండు బొమ్మలూ కలిపి పంపితే, అన్నీ ఒక్క బొమ్మలోనే కనబడాలన్నారట. కంప్యూటర్లో దిద్దితే దొంగకార్డు అంటారు. టైము నాలుగున్నర. నాకు ఏడుపొచ్చేస్తోంది.

"అప్పా, కుంకుమ తుడిచెయ్యాలి. ఇంక దారి లేదు."

ఆమె కార్డు లాక్కుని గుండెలకి హత్తుకుంది. "నా మొగుడి పేరు మీద కుంకుమ తుడిసీమంటావా? బొట్టెట్టుకోని దానివి, నీకేటి తెలస్తాది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అవును, నాకు తెలీదు! కుంకుమ ఉంచుకో, మొగుణ్ణి అక్కడే వదిలెయ్!"

అన్నాక నాలిక కొరుక్కున్నాను. ఆమె స్టూలు మీద కూలబడిపోయింది. గడియారం చూసింది, కార్డు చూసింది. నేను దూది తీసుకుని చెయ్యి చాపితే నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు. ఆ పాపం నీకెందుకు? నానే తుడుస్తాను."

దూది వద్దంది. కుడిచేతి వేళ్ళతోనే, పసిపిల్ల మొహం తుడిచినట్టు మెల్లగా తుడిచింది. "తల్లీ గంగమ్మా, కాయితం మీదిదేనే, నా నుదుటిది కాదు, నువ్వు సూస్తన్నావు కదా" అని గొణుగుతూనే ఉంది. ముద్ర కాస్త అలుక్కుపోయినా గుండ్రంగా నిలిచింది. కలర్‌లో తీశాను. నంబరుంది, ముద్రుంది, ఎర్రన్న మొహముంది. ఐదుకి ఎనిమిది నిమిషాలున్నాయనగా పంపాను.

శివాజీ ఫోన్ చేశాడు. "తీసుకున్నారు సెల్లీ. లిస్టులో పేరెక్కింది. ఎప్పుడొదుల్తారో మాత్రం సెప్పనేం."

నేను గట్టిగా ఏడ్చేశాను. గున్నమ్మ ఏడవలేదు. ఎర్రబడ్డ వేళ్ళవంకే చూస్తూ కూర్చుంది. కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆడొచ్చీదాకా కడగను."

"చేపలమ్మే దానివి, కడక్కుండా ఎలాగప్పా?"

చేతిని చీర కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఊరుకోలేక బజారుకెళ్ళాను. కుడిచేతికి మణికట్టుదాకా గుడ్డ కట్టుకుని కూర్చుంది. ఎడంచేత్తో తూస్తోంది, ఎడంచేత్తో ఇస్తోంది. ఇడ్లీల కొట్టు లక్ష్మణమ్మ తొలిబేరానికి వచ్చి చిరచిరలాడింది.

"పొద్దున్నే ఎడంసేత్తో ఇస్తావేటే? ఆ సేతికేటైనాది?"

గున్నమ్మ చేపని ఎడంచేత్తోనే ఇంకాస్త ముందుకు జరిపింది.

"అది ఖాళీ నేదు తల్లీ. తీసుకో."